రిపోర్టులో హెచ్‌ఆర్‌వీ 60, అసలు విలువ 7: చిత్తూరు నుంచి ఒక కేసు

రోగి వయసు 56. చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. 14 ఏళ్లుగా షుగరు, 6 ఏళ్లుగా బీపీ. బీడీ మానేసి పదేళ్లయింది. ఆయన చెప్పిన బాధ ఇది: "మంచం మీంచి లేస్తానే కండ్లు చీకట్లు కమ్మతాండాయి సార్. గుండె మాత్రం బాగుండాదని మిషన్‌లో వచ్చింది."

ఏటా అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కే అలవాటు ఆయనది. 3,550 మెట్లు ఎక్కడం ఆయనకు కొత్త కాదు. ఈ ఏడు గాలిగోపురం చేరేలోపే నాలుగుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. ఛాతీలో నొప్పి లేదు, బరువు లేదు, ఎడమ చెయ్యి లాగడం లేదు. ఆయాసం ఒక్కటే. అరికాళ్ల మంట రెండేళ్లుగా ఉంది.

వాడుతున్న మందులు: మెట్‌ఫార్మిన్ 1 గ్రాము రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. ఉదయం, అరికాళ్ల మంటకు అమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా. రాత్రి, మూత్రం సరిగా రావడం లేదని టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. రాత్రి. ఈ చీటీలో చివరి రెండు మందులను గుర్తుపెట్టుకోవాలి. కేసులో సగం వాటి దగ్గరే ఉంది.

ఫైలులో రెండు పాత కాగితాలున్నాయి. ఒకటి ఆరోగ్య శిబిరంలో ఐదు నిమిషాల రికార్డుతో ఇచ్చిన, గుండె బీట్ల మధ్య కాలం ఎంత మారుతుందో చెప్పే హెచ్‌ఆర్‌వీ రిపోర్టు. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ (దాన్ని చెప్పే ప్రధాన అంకె) 60 మిల్లీసెకన్లు, పక్కన ఆకుపచ్చ రంగులో "చాలా బాగుంది". రెండోది ట్రెడ్‌మిల్ పరీక్ష, "నెగటివ్". ఈ రెండు కాగితాలూ చూసుకునే ఆయన ఆయాసాన్ని వయసు మీద తోసేశారు. రెండూ తప్పుడు ధైర్యమే ఇచ్చాయి.

పడుకుని, నిలబడి

పది నిమిషాలు పడుకోబెట్టాక బీపీ 148/86, నాడి 92. నిలబెట్టిన ఒకటో నిమిషంలో 118/74, మూడో నిమిషంలో 116/74. అప్పుడు నాడి 95. పై బీపీ 32 పాయింట్లు పడితే నాడి మూడంటే మూడే పెరిగింది. నీళ్లు చాలకనో విరేచనాల వల్లనో బీపీ పడినవాళ్లలో నాడి పరుగెత్తుతుంది. ఇక్కడ కదల్లేదు. నాడి పెరుగుదలను బీపీ తగ్గుదలతో భాగిస్తే 0.09 వచ్చింది. 0.5 కంటే తక్కువ వస్తే లోపం నరాల్లో ఉందని అనుమానించాలి.

బీపీ కూర్చోబెట్టి మాత్రమే చూస్తే ఈ సంగతి బయటపడదు. షుగరు పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకటో నిమిషం, మూడో నిమిషం చూడాలి. దీనికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు, కాసేపు ఓపిక చాలు.

ఇక ఇలాంటి మనిషికి హెచ్‌ఆర్‌వీ 60 ఎలా వస్తుంది? ఆరోగ్యవంతులైన పెద్దల్లో ఐదు నిమిషాల రికార్డులో ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ సగటు 42 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. విశ్రాంతిలో నాడి 92 ఉండి, నిలబడితే కదలని గుండెకు 60 రావడం అసంబద్ధం. అంకె, మనిషి చెరో మాట చెబుతుంటే మనిషినే నమ్మాలి.

60 ఎలా వచ్చింది

ఒక బీటుకూ తర్వాతి బీటుకూ మధ్య కాలాన్ని ఆర్‌ఆర్ అంటాం. నాడి 92 అంటే సగటు ఆర్‌ఆర్ 652 మిల్లీసెకన్లు. గుండె గడియారంలా కొట్టదు. ఊపిరి పీల్చినప్పుడు ఈ విరామం కాస్త తగ్గుతుంది, వదిలినప్పుడు పెరుగుతుంది. ఆ పని గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరానిది. దాని సంకేతం ఒకటి రెండు బీట్లలోనే గుండెకు అందుతుంది. గుండె వేగాన్ని పెంచే సింపథెటిక్ నరాల ప్రభావం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అందుకే బీటు బీటుకూ ఉండే తేడాలను కొలిచే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ ప్రధానంగా వేగస్ పనితీరును చూపిస్తుంది. పక్కపక్క ఆర్‌ఆర్‌ల తేడాలు తీసి, ఒక్కో తేడాను వర్గం చేసి, సగటు కట్టి, వర్గమూలం తీస్తే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ వస్తుంది.

చిక్కంతా ఆ "వర్గం" దగ్గరే. ఈయన ఈసీజీలో అప్పుడప్పుడు వీపీసీలు కనిపించాయి. కింది గది నుంచి ముందే పుట్టే ఎక్స్‌ట్రా బీట్లు ఇవి, వేగస్‌తో సంబంధం లేనివి. మా రికార్డులో వీపీసీ 420 మిల్లీసెకన్లకే వచ్చింది. తర్వాత 884 విరామం. మళ్లీ మామూలు 652. అంటే వరుసగా మూడు తేడాలు: 232, 464, 232. వాటి వర్గాలు 53,824, 2,15,296, 53,824. ఒక్క వీపీసీ కలిపిన మొత్తం 3,22,944. మిగతా బీట్ల మధ్య తేడా సుమారు 7 మిల్లీసెకన్లు, దాని వర్గం 49.

ఐదు నిమిషాల్లో దాదాపు 460 బీట్లు. వాటిలో వీపీసీలు ఐదే. ఆ ఐదూ కలిపితే 16,14,720. మిగిలిన 444 తేడాలు కలిసి ఇచ్చింది 21,756 మాత్రమే. మొత్తాన్ని 459తో భాగించి వర్గమూలం తీస్తే 59.7. శిబిరం రిపోర్టులో కనిపించిన 60 అదే. వీపీసీలను తీసేస్తే 7. నూటికి ఒకటి చొప్పున ఉన్న ఎక్స్‌ట్రా బీట్లు చచ్చుబడిన నరానికి "చాలా బాగుంది" అని ముద్ర వేయించాయి.

పై గదులు అదుపు తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. అక్కడ ప్రతి విరామమూ అడ్డదిడ్డమే, ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ వందలు దాటవచ్చు. ఆ రిథంలో హెచ్‌ఆర్‌వీకి అర్థమే లేదు. వాచీలో హెచ్‌ఆర్‌వీ ఉన్నట్టుండి రెండింతలు మూడింతలైతే ప్రాణాయామం ఫలించిందని సంతోషించే ముందు ఒక ఈసీజీ తీయించడం మంచిది.

మళ్లీ తీసిన రికార్డు

ఉదయం టిఫిన్ తిన్న రెండు గంటల తర్వాత తీశాం. ముందు రాత్రి నుంచి కాఫీ, టీ లేవు. పరీక్షకు ముందు మూత్రానికి పంపాం, ఎందుకంటే నిండిన మూత్రాశయం సింపథెటిక్‌ను రేపుతుంది. ఫ్యాను గాలి నేరుగా తగలని గది, పది నిమిషాల విశ్రాంతి, మాటలు లేవు, ఫోను బయటే. లీడ్ 2 ఈసీజీ, సెకనుకు 500 శాంపిళ్లు. తేడాలు 7 మిల్లీసెకన్లే ఉన్న మనిషికి శాంపిలింగ్ తక్కువైతే కొలతలోని తప్పే తేడాగా కనిపిస్తుంది. సెకనుకు 100 శాంపిళ్లంటే ఒక్కో గీత మధ్య 10 మిల్లీసెకన్ల ఎడం. దాంతో 7ను కొలవబోవడం గజం బద్దతో అంగుళంలో పదో వంతు కొలవబోవడమే. వేలికి పెట్టే కాంతి సెన్సరుకు మరో లోపం ఉంది. అది గుండె బీటును కాదు, నాడి అల వేలికి చేరిన క్షణాన్ని చూస్తుంది.

సాఫ్ట్‌వేర్లు సాధారణంగా పక్క ఆర్‌ఆర్ కంటే 20 శాతం తేడా ఉన్నదాన్ని తోసేస్తాయి. 652 పక్కన 420 అంటే 36 శాతం, అది దొరికిపోతుంది. కానీ పై గది నుంచి కొద్దిగా ముందుగా, 570 దగ్గర వచ్చే ఏపీసీ 13 శాతం తేడాతో జల్లెడలోంచి జారిపోతుంది. హెచ్‌ఆర్‌వీ మరీ తక్కువున్న మనిషిలో అలాంటివి రెండు మూడు జారినా అంకె పాడవుతుంది. కాబట్టి జల్లెడ ఏదైనా, ఆర్‌ఆర్ గ్రాఫును కంటితో చూడాల్సిందే. గీత మీద పైకీ కిందకీ ముళ్లలా లేచిన ప్రతిచోటా ఈసీజీకి వెళ్లి క్యూఆర్‌ఎస్ (కింది గదుల బీటు గీత) ఆకారం చూసి, వీపీసీనీ దాని తర్వాతి విరామాన్నీ పక్కన పెట్టాం. సరిదిద్దిన బీట్లు 5 శాతం దాటితే ఆ ఐదు నిమిషాలను వదిలేసి మరో ఐదు నిమిషాలు తీయడం మేలు.

శుభ్రం చేశాక వచ్చినవి: ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 7, ఎస్‌డీఎన్‌ఎన్ (మొత్తం రికార్డులో విరామాల హెచ్చుతగ్గుల కొలత) 14 మిల్లీసెకన్లు. ఎల్‌ఎఫ్, హెచ్‌ఎఫ్ (నెమ్మది, వేగవంతమైన హెచ్చుతగ్గుల) నిష్పత్తిని రిపోర్టులో రాయలేదు. దాన్ని సింపథెటిక్, వేగస్‌ల తూకంలా చూపించే అలవాటు ఇంకా పోలేదు గానీ, ఆ నిష్పత్తికి అంత బలం లేదు. నిమిషానికి ఆరుసార్లు నెమ్మదిగా ఊపిరి తీస్తే ఊపిరి వల్ల వచ్చే మార్పంతా 0.1 హెర్ట్జ్ దగ్గర, అంటే ఎల్‌ఎఫ్‌లో పడుతుంది. ప్రశాంతంగా ధ్యానం చేస్తున్న మనిషికి "ఒత్తిడి ఎక్కువ" అని ముద్ర పడుతుంది.

పడక పక్కన నరాల పరీక్షలు

అంకె ఒక్కటి చూసి నరం పోయిందనలేం. కదిలించి చూడాలి.

నిదాన శ్వాస: ఐదు సెకన్లు పీల్చడం, ఐదు సెకన్లు వదలడం, ఆరుసార్లు. ఒక్కో శ్వాసలో గరిష్ఠ నాడి, కనిష్ఠ నాడి తేడా చూసి సగటు తీస్తాం. 15, ఆపైన ఉంటే మామూలు. 10, అంతకు తక్కువైతే లోపం. ఈయనకు 4.

లేచి నిలబడటం: నిలబడ్డాక 15వ బీటు దగ్గర అతి చిన్న ఆర్‌ఆర్, 30వ బీటు దగ్గర అతి పెద్ద ఆర్‌ఆర్ చూసి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తాం. 1.04, ఆపైన మామూలు. 1.00, అంతకు తక్కువ లోపం. మొదటిసారి 1.38 వచ్చింది! చూస్తే 27వ బీటు వీపీసీ, దాని తర్వాతి విరామం 884. దాన్నే మిషన్ "30వ బీటు దగ్గర పెద్ద ఆర్‌ఆర్"గా తీసుకుని 640తో భాగించింది. మళ్లీ పడుకోబెట్టి, కాసేపాగి లేపితే, వీపీసీ పడని ఆ రికార్డులో 1.00 వచ్చింది. ఒకే మోసం రెండు పరీక్షల్లో రెండు వేషాలతో ఎదురైంది.

వాల్సాల్వా: బీపీ మిషన్ గొట్టానికి సిరంజి బొడ్డు తగిలించి, 40 మి.మీ. పాదరసం దగ్గర 15 సెకన్లు ఊది నిలపాలి. గొట్టంలో సూదిమొనంత రంధ్రం ఉంచాలి. లేకపోతే గొంతు మూసి బుగ్గలతోనే ఒత్తిడి నిలపగలరు, ఛాతీ మీద భారం పడదు, పరీక్ష వృథా. అంతకుముందు కంటి రెటీనా చూపించి తీరాలి. కొత్త రక్తనాళాలు పుట్టిన రెటీనోపతీ ఉంటే ఊదడం వల్ల కంట్లో రక్తస్రావం కావచ్చు. ఈయనకు ఆరంభదశ మార్పులే ఉన్నాయి కాబట్టి చేశాం. ఊదాక వచ్చిన అతి పెద్ద ఆర్‌ఆర్‌ను ఊదేటప్పటి అతి చిన్న ఆర్‌ఆర్‌తో భాగిస్తే నిష్పత్తి 1.07. 1.21, ఆపైన మామూలు. 1.10, అంతకు తక్కువ లోపం.

నాడికి సంబంధించిన పరీక్షలు రెండు, ఆపైన తప్పితే గుండె నరాల జబ్బు ఖాయం. నిలబడితే బీపీ పడటం కూడా తోడైతే ముదిరిన దశ. ఇక్కడ మూడు తప్పాయి, బీపీ కూడా పడింది.

హోల్టర్ చెప్పినవి

రోజంతా ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ మిషన్ హోల్టర్. 24 గంటల్లో సుమారు 1,26,700 బీట్లు, 1,380 వీపీసీలు, పొడవాటి వరుసలేవీ లేవు. పగటి సగటు నాడి 91, నిద్రలో 84. నిద్రలో ఇంకా బాగా దిగాలి.

ఎస్‌డీఎన్‌ఎన్ మిషన్ ఇచ్చింది 67, శుభ్రం చేశాక 58. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ మాత్రం 60 నుంచి 8కి పడింది. 24 గంటల ఎస్‌డీఎన్‌ఎన్‌లో పగలు రాత్రి తేడా, నడక, నిద్ర అన్నీ కలిసి ఉంటాయి కనుక వీపీసీలు దాన్ని కొద్దిగానే కదిలిస్తాయి. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీని మాత్రం తలకిందులు చేస్తాయి. ఐదు నిమిషాల ఎస్‌డీఎన్‌ఎన్‌నూ 24 గంటల దాన్నీ ఒకే గీటుతో కొలవకూడదు. 50, 100 అనే గీతలు 24 గంటల రికార్డువి. 1987లో వచ్చిన అధ్యయనంలో గుండెపోటు తర్వాత 808 మందిని గమనిస్తే, ఎస్‌డీఎన్‌ఎన్ 50 లోపున్నవారిలో మరణ ప్రమాదం 100 పైనున్నవారి కంటే 5.3 రెట్లు. ఆ గీతను ఐదు నిమిషాల వాచీ అంకెకు తగిలించి భయపడేవాళ్లు ఇప్పుడు చాలామంది వస్తున్నారు.

పక్కన పెట్టిన వీపీసీలు చెత్తబుట్టకు పోలేదు. వీపీసీ తర్వాత ఆరోగ్యవంతమైన గుండె మొదట కాస్త వేగం పుంజుకుని, తర్వాత నెమ్మదిస్తుంది. ఒక్క బీటులో తగ్గిన బీపీని సరిదిద్దడానికి నరాలు చేసే సర్దుబాటు అది. దీన్నే హార్ట్ రేట్ టర్బులెన్స్ అంటాం. వేగం పుంజుకోవడాన్ని ఆరంభం, నెమ్మదించడాన్ని వాలు అనే అంకెలతో కొలుస్తాం. ఆరంభం సున్నా కంటే తక్కువ, వాలు 2.5 కంటే ఎక్కువ ఉండాలి. ఈయనకు ఆరంభం +0.4 శాతం, వాలు 1.1. రెండూ తప్పాయి. హెచ్‌ఆర్‌వీని చెడగొట్టిన బీట్లే చివరకు నిజం చెప్పాయి.

నొప్పి రాని గుండె

ఇక్కడే అసలు ప్రమాదం. గుండె నొప్పిని మోసుకెళ్లే నరాలు కూడా ఇవే దారిలో దెబ్బతింటాయి. రక్తనాళం మూసుకుపోతున్నా నొప్పి రాదు. మెట్ల మీద ఆయాసమే ఆ గుండె వేసే కేక. నిలబడితే కళ్లు తిరిగే 14 ఏళ్ల షుగరు రోగికి కొత్తగా ఆయాసం వస్తే దాన్ని గుండెనొప్పితో సమానంగా చూడాలి.

పాత ట్రెడ్‌మిల్ కాగితం మళ్లీ తీసి చూస్తే అందులో గరిష్ఠ నాడి 118. వయసు ప్రకారం గరిష్ఠం 164, కనీసం 85 శాతం అంటే 139 చేరాలి. 72 శాతం దగ్గరే ఆగిన పరీక్ష అది. నాడిని పెంచే నరాలే పనిచేయని మనిషిని ఎంత పరిగెత్తించినా గుండెకు చాలినంత పని పడదు. దాన్ని "నెగటివ్" అనకూడదు, "చాలలేదు" అనాలి.

ఎకోలో పంపింగ్ 55 శాతం. మందుతో ఒత్తిడి పెట్టి చేసే న్యూక్లియర్ స్కాన్‌కు పంపాం. ముందు గోడ భాగానికి ఒత్తిడిలో రక్తం చాలడం లేదని తేలింది. యాంజియోగ్రామ్‌లో ఎల్‌ఏడీ (గుండె ముందు గోడకు రక్తమిచ్చే నాళం) మధ్యభాగంలో 90 శాతం ఇరుకు. స్టెంటు పడింది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మొదలయ్యాయి. పంపింగ్ బాగుంది, వీపీసీలు నూటికి ఒకటే, కనుక నాడినీ బీపీనీ దించే బీటా బ్లాకర్‌ను నిలబడితే పడే బీపీ కుదుటపడేదాకా మొదలుపెట్టలేదు.

మందుల చీటీ సరిచేయడం

అమిట్రిప్టిలిన్ వేగస్ సంకేతాన్ని అడ్డుకుంటుంది, నాడి పెంచుతుంది, నిలబడితే బీపీ పడేస్తుంది, క్యూటీ (ఒక్కో బీటుకు గుండె విద్యుత్తు పుట్టి సద్దుమణిగే కాలం) పొడిగిస్తుంది, మూత్రం బిగబడేలా చేస్తుంది. ఆ బిగబట్టడానికే టామ్సులోసిన్ పడింది, అది బీపీని ఇంకా దించింది. ఒక మందు చేసిన కీడుకు మరో మందు రాసుకుంటూ పోయిన గొలుసు ఇది. రెండు వారాల్లో అమిట్రిప్టిలిన్ తగ్గించి ఆపాం. మంటకు ప్రెగాబలిన్ 75 మి.గ్రా. రాత్రి. మూత్రం పోశాక స్కాన్‌లో మిగిలింది 40 మి.లీ. మాత్రమే కాబట్టి యూరాలజిస్టుతో మాట్లాడి టామ్సులోసిన్ కూడా ఆపాం. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడినందున బీ12 చూశాం: 168. ఇంజెక్షన్లు మొదలెట్టాం.

పడుకుంటే బీపీ ఎక్కువ, లేస్తే తక్కువ. కాబట్టి టెల్మిసార్టాన్‌ను రాత్రికి మార్చాం. మంచానికి తలవైపున్న కాళ్ల కింద ఆరంగుళాల ఇటుకలు. లేచే ముందు అర లీటరు నీళ్లు, రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని పిక్కలు బిగించి వదలడం. సంగటి ఒకేసారి రెండు ముద్దలు వద్దు, ఒక్కోటి రెండుసార్లుగా తినమన్నాం, ఎందుకంటే కడుపు నిండగానే రక్తం అటు పోయి బీపీ ఇంకా దిగుతుంది.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 9.1. దీన్ని తొందరగా దించకూడదు. మూడు నెలల్లో రెండు పాయింట్లకు మించి దించితే నరాల మంట, బీపీ పడటం ముదిరే ప్రమాదం ఉంది. ఆరు నెలల్లో 7.5 లక్ష్యం. లో షుగరు వచ్చినా చెమట, గుండెదడ ఈయనకు తెలియకపోవచ్చు కనుక గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా.కు తగ్గించి, సిటాగ్లిప్టిన్ 100 మి.గ్రా. కలిపాం. దర్శనం అయ్యేదాకా ఏమీ తినకుండా ఉండే ఆచారం ఉందని చెప్పారు. ఆ రోజు ఉదయం గ్లిమెపిరైడ్ వేసుకోవద్దని చీటీ మీదే పెద్ద అక్షరాలతో రాశాం.

ఆరు వారాలు, ఆరు నెలలు

అమిట్రిప్టిలిన్ పూర్తిగా ఆగిన ఆరు వారాలకు, అదే గది, అదే వేళ, అదే పద్ధతి. నాడి 92 నుంచి 84కి దిగింది. నిలబడితే బీపీ పడటం 32 నుంచి 18కి తగ్గింది. వీపీసీలు తీసేసిన ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 7 నుంచి 11కి పెరిగింది. అంటే లోపంలో కొంత మందుది, మిగతాది నరానిది. మందు ఆపకుండానే "నరం చచ్చుబడింది" అని రాసుంటే మందు వాటా కూడా నరం ఖాతాలో పడేది.

ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.6, నిదాన శ్వాస తేడా 6. ఇంకా లోపమే. ముదిరిన దశలో ఈ నరం పూర్తిగా తిరిగి వస్తుందని ఆశ పెట్టలేం. కళ్లు తిరగడం పోయింది, మెట్ల మీద ఆయాసం తగ్గింది. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 12. శిబిరం మిషన్‌లో పెడితే ఇప్పటికీ యాభై పైనే చూపిస్తుంది, ఎందుకంటే వీపీసీలు అలాగే ఉన్నాయి. అందుకే ఇచ్చిన ప్రతి రిపోర్టు మీదా "వీపీసీలు తీసేశాక" అని, ఎన్ని తీసేశామో ఆ సంఖ్యతో సహా రాసి ఇస్తున్నాం.

కొండెక్కడం గురించి అడిగారు. ఈ ఏడు పైకి బస్సులోనే వెళ్లమన్నాం. క్యూలైన్లో కదలకుండా నిలబడటం మెట్లకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు. పొట్టకు బెల్టు, చేతిలో నీళ్లు, ఐదు నిమిషాలకోసారి కాళ్లు మెలేసి తొడలు బిగించడం, చూపు మసకబారితే మొహమాటం లేకుండా అక్కడే కింద కూర్చోవడం. తర్వాతి పరీక్ష మళ్లీ ఆరు నెలలకు, ఉదయం టిఫిన్ తిన్న రెండు గంటలకు, కాఫీ తాగకుండా.